వాసన లేని పొడి

అమ్మ కింద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుందని అందరూ అనుకున్నారు. ఎక్స్‌రే చూసిన డాక్టరు మాత్రం వేరేలా చెప్పాడు. "పడినందుకు విరగలేదమ్మా. ముందు ఎముక విరిగింది. విరిగింది కాబట్టి పడింది." తీగ మీద ఆరిన తువ్వాలు అందుకుందామని మునివేళ్ల మీద లేచిందట. అంతే. మూడు నెలలు మంచాన ఉండి, రోజురోజుకీ చిన్నదైపోయి, చివరికి పక్కలో పసిపిల్లంత మిగిలి వెళ్లిపోయింది.

డాక్టరు మాట ఇద్దరు కూతుళ్లనూ వదల్లేదు. మెట్లు దిగేటప్పుడు, బకెట్టు ఎత్తేటప్పుడు, లోపల ఏదైనా చిటుక్కుమంటుందేమోనని ఇద్దరూ చెవులు రిక్కించుకుని బతకడం మొదలుపెట్టారు.

పెద్దామె టైలరు. ఆడవాళ్ల కోట్లు, గౌన్లు, ఆఫీసు చొక్కాలు కుట్టడంలో ముప్పై ఏళ్ల చెయ్యి ఆమెది. వీధివైపు గదే షాపు. అందులో ఒక కుట్టు మిషను, పొడవాటి బల్ల, నిలువుటద్దం, కొలతలు తీసుకోవడానికి తెర కట్టిన మూల. అందరికీ ఆమె టైలరమ్మే. చిన్నామె ఇరవై రెండేళ్లు మందుల షాపు కౌంటరు వెనక నిలబడింది. ఎంతటి డాక్టరు గిలుకుడు రాతనైనా తలకిందులుగా పెట్టి చదివేసేది. ఆ షాపు మూతపడ్డాక రెండు వీధుల అవతల తన ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "మందులు కొనడానికి వచ్చే మొగుళ్లను చూశాక ధైర్యం చాలలేదు" అనేది.

అమ్మ పోయేనాటికి టైలరమ్మకు యాభై మూడు. నెలసరి ఆగి మూడేళ్లయింది. ఆగితే ఆగిందిలే, పీడా పోయిందనుకుంది కానీ, అసలు పీడ అప్పుడే మొదలైంది. మిషను ముందు కూర్చుని ఉండగా ఉన్నట్టుండి ఛాతీలోంచి వేడి ఎగదన్నేది. మెడ, చెవులు, నెత్తి భగ్గుమనేవి. రెండు నిమిషాల్లో చెమటతో తడిసి ముద్దయ్యేది. ఒకసారి గడ్డం మీంచి జారిన చెమట చుక్క ఎవరిదో బూడిదరంగు సిల్కు గుడ్డ మీద పడి, అంత డబ్బుపెట్టి కొన్న గుడ్డకు మచ్చ తెచ్చింది. రాత్రుళ్లు కంటి మీద కునుకుండేది కాదు. ఫ్యాను ఐదులో పెడితే పక్కన మొగుడు రెండు దుప్పట్లు, ఒక మంకీ క్యాపు వేసుకుని, "నేను బతికున్నానో లేదో పొద్దున్నే ఒకసారి చూసుకో" అని పడుకునేవాడు.

ఎముకల పరీక్ష చేయించుకుంటే గుల్లబారడం మొదలైందన్నారు. డాక్టరమ్మ కాల్షియం రాసింది, రోజూ నడవమంది, బరువులతో కసరత్తు చెయ్యమంది. వేడి మరీ భరించలేకపోతే హార్మోను వైద్యం ఉందని, అయితే అన్ని పరీక్షలూ చేసి, జాగ్రత్తగా చూసుకుంటూ ఇవ్వాలని చెప్పింది. హార్మోను అన్న మాట వినగానే టైలరమ్మ సంచీ తీసుకుని లేచిపోయింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

అప్పుడు చెల్లెలు ఒక గాజు సీసా పట్టుకొచ్చింది.

"సోయా గింజల్లోంచి, ఎర్రపూల గడ్డిలోంచి తీసిన పొడి అక్కా ఇది. మన ఒంట్లో తగ్గిపోయిన దానికి చుట్టం లాంటిది మొక్కల్లో ఉంటుంది. మందు కాదు, తిండే అనుకో."

"పనిచేస్తుందా?"

"చెయ్యకపోతే పోయేదేముంది? సోయా తిని ఎవరైనా చచ్చిపోయారా?"

చెల్లెలి మాటలో మోసం లేదు. అమ్మకు ఆఖరి రోజుల్లో ఒళ్లు తుడిచింది ఆమే. ఆ ఎముకల మీద చేయి వేసినప్పుడల్లా ఏమనిపించేదో అక్కకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, పొడి డబ్బాలు తెప్పించి, ఇంటి వెనక గదిలో బల్ల వేసి, వంద చిల్లులున్న ప్లాస్టిక్ పలక మీద ఖాళీ క్యాప్సూల్ గొట్టాలు గుచ్చి, పొడి నింపి మూతలు నొక్కడం మొదలుపెట్టింది. మొదట ఇద్దరి కోసమే. తర్వాత టైలరమ్మ దగ్గరికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు అడిగారు. తర్వాత వాళ్ల వదినలు, తోటికోడళ్లు. ఏడాది తిరక్కుండానే చెల్లెలి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. సోయా పిన్ని అయిపోయింది.

నిజం చెప్పాలంటే మొదటి ఎనిమిది నెలలు ఆ మాత్రలు పెద్దగా చేసిందేమీ లేదు. కొందరు కాస్త నయమన్నారు, కొందరు పెదవి విరిచారు. టైలరమ్మకు కడుపుబ్బరం తప్ప ఏమీ రాలేదు. అప్పుడే పాత సరఫరాదారు సరుకు ఆపేశాడు. చెల్లెలు ఫోన్లు చేసి చేసి ఇంకొకణ్ని పట్టుకుంది. కొత్త డబ్బాలు వచ్చాయి. పాత పొడి లేత గోధుమరంగులో ఉండి, మూత తియ్యగానే పచ్చిగింజల వాసన కొట్టేది. ఇది తెల్లగా, మెత్తగా, ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏ వాసనా లేకుండా ఉంది.

"బాగా శుద్ధి చేసిందట అక్కా. అసలు సారం ఇదేనట," అంది చెల్లెలు సంబరంగా.

కొత్త మాత్రలు మూడు వారాలు వేసుకునేసరికి టైలరమ్మ ఒళ్లు చల్లబడింది. ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే దిండు పొడిగా ఉంది. రాత్రంతా ఒక్కసారి కూడా లేవలేదని అప్పుడు తెలిసింది. మంచం అంచున కూర్చుని ఆ దిండును తడుముకుంటూ ఏడ్చింది. మొగుడు కంగారుగా లేచి, "ఏమైందే?" అంటే, "నిద్ర పట్టింది" అంది. ఆయన మంకీ క్యాపు తీసి బీరువాలో పెట్టేశాడు.

అందరికీ అలాగే అయింది. మోకాళ్ల నొప్పులు తగ్గాయి, మొహాలు తేటబడ్డాయి, చిటపటలాడే అత్తలు కోడళ్లతో నవ్వుతూ మాట్లాడారు. అందరికంటే ఎక్కువ పొంగిపోయింది లెక్కల టీచరు. రిటైరై రెండేళ్లయిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. నలభై ఏళ్ల పాటు తరగతి గదిని ఒక్క చూపుతో నిశ్శబ్దం చేసిన ఆవిడ, టైలరమ్మ షాపులో చేతిసంచీ ఊపుకుంటూ, "రెండు వేసుకుంటే ఇంత బాగుంది, నాలుగు వేసుకుంటే ఇంకెంత బాగుండాలి? సాధారణ గుణకారం" అని నవ్వింది. చెల్లెలు కూడా నవ్వింది. వద్దనలేదు. తిండే కదా.

వారానికోసారి జరిగే బజారులో మడతబల్ల వేసుకుని కూడా అమ్మడం మొదలుపెట్టింది చెల్లెలు. అక్కడ కొనేవాళ్లు ఎవరో, ఏ వీధివాళ్లో ఎవరికీ తెలియదు.

కొత్త పొడి వచ్చి ఏడాదిన్నర గడిచాక, ఒక మధ్యాహ్నం టీచరు కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. తెర వెనక నిలబెట్టి టైలరమ్మ ఛాతీ చుట్టూ టేపు తిప్పింది. టీచరు పళ్లు బిగించి చటుక్కున వెనక్కి తగ్గింది.

"మెల్లిగా తల్లీ. ఈ మధ్య చెయ్యి తగిలినా సలుపుతోంది."

టైలరమ్మ టేపు వదులు చేసి చదివింది. కొలతల పుస్తకం తిరగేసి పాత కొలత చూసింది. రెండున్నర అంగుళాలు పెరిగింది. నడుము చూస్తే అంతే ఉంది. చేతులు, భుజాలు అంతే ఉన్నాయి. మనిషి ఒళ్లు చేస్తే ఒక్కచోటే చెయ్యదు. అది టైలరుకు చెప్పాల్సిన పని లేదు.

టీచరు వెళ్లాక పుస్తకం ముందు వేసుకుని కూర్చుంది. బేకరీ ఆవిడ, పోస్టాఫీసు ఆవిడ, వీధి చివరి అద్దె ఇంటి యజమానురాలు. ఏడాదిలో రెండోసారి కొలత ఇచ్చినవాళ్లను వెతికింది. తొమ్మిదిమంది దొరికారు. తొమ్మిదిమందికీ ఛాతీ దగ్గరే పెరిగింది. అందరూ చెల్లెలి మాత్రలు వేసుకునేవాళ్లే. "ఇక్కడ కాస్త లూజుగా వదులు టైలరమ్మా, నొప్పి" అని ఎవరెవరు అన్నారో ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. వాళ్లు సిగ్గుపడుతూ, నవ్వుతూ అన్నారు. వయసు వెనక్కి తిరుగుతోందని మురిసిపోయారు. అప్పుడు తనూ నవ్వింది. ఇప్పుడు ఆ తొమ్మిది పేర్ల పక్కనా పెన్సిలుతో గీత పెట్టింది.

చెల్లెలికి చెబితే కొట్టిపారేసింది. "ఒంటికి పడుతోందన్నమాట. మంచిదే కదా."

పది రోజులు గడిచాయి. టైలరమ్మ మిషను ముందు నుంచి లేచి, కూర్చున్న స్టూలు వైపు చూసి ఆగిపోయింది. మెత్త మీద ఎర్రటి మరక. ముందు వేలు తెగిందేమో అనుకుని చేతులు చూసుకుంది. వేళ్లు బాగానే ఉన్నాయి. నెలసరి ఆగి ఐదేళ్లు దాటిన మనిషి ఆ మరక ముందు చాలాసేపు అలా నిలబడిపోయింది. వీధిలో ఎవరో కూరగాయల బండివాడితో గీచిగీచి బేరమాడుతున్నారు. ఆ గొంతులు చాలా దూరం నుంచి వినిపిస్తున్నట్టున్నాయి.

చెల్లెలి ఇంటికి పరిగెత్తింది. విషయం విని చెల్లెలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అవుతుందిలే అక్కా. ఒంట్లో బలం పుంజుకుంటే అలాగే అవుతుంది. ఒక వారం ఆపి మళ్లీ వేసుకో."

ఆ జవాబు అంత తొందరగా రావడమే టైలరమ్మకు నచ్చలేదు. చెల్లెలు ఏ ప్రశ్నకైనా ముందు ముక్కు గోక్కుని, కళ్లద్దాలు సర్దుకుని గానీ నోరు విప్పని మనిషి. ఈ ప్రశ్న ఇంతకుముందే ఎవరో అడిగినట్టు, జవాబు తయారుగా పెట్టుకున్నట్టు ఉంది.

అక్కణ్నించి షాపుకొచ్చి, టీచరు కోటు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లింది. ఎలా అడగాలో తెలియక, కుట్టిన కోటు చేతిలో పెట్టి, తనకు జరిగింది చెప్పేసింది.

టీచరు మొదట నవ్వింది. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. లేచి వెళ్లి బాత్రూమ్ అలమర తలుపు తెరిచి చూపించింది. నెలసరి ప్యాడ్ల కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఐదు నెలలైంది," అంది. "మొదట్లో చుక్క చుక్క. ఇప్పుడు రోజూ. కొట్టువాడు మనవరాలికా అని అడుగుతాడు. అవునంటాను."

"డాక్టరుకు చూపించలేదా?"

"ఏమని చూపించను? చూపిస్తే ఆ మాత్రలు మానేయమంటుంది కదా."

ఇంత తెలివైన మనిషి అనే మాటేనా ఇది అనుకుంది టైలరమ్మ.

మర్నాడే టీచరును బలవంతంగా వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమె ఇద్దరి మాటలూ విడివిడిగా విని, స్కానింగు చేసింది. తెర మీద కనిపించినదాన్ని రెండుసార్లు కొలిచి రాసుకుంది. ఎముకల పరీక్ష కూడా మళ్లీ చేయించింది. టైలరమ్మ ఎముకలు గట్టిపడ్డాయి. కాగితం మీద ఆ అంకె చూసి టైలరమ్మకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మొహంలో మాత్రం వెలుగు లేదు.

"ఏం వేసుకుంటున్నారు?"

"సోయా మాత్రలండీ. మొక్కల్లోంచి తీసింది."

"సోయా నాకు తెలుసు. అది చేసే పని చాలా చిన్నది. కొందరికి ఒంటి వేడి కాస్త తగ్గుతుంది, కొందరికి అదీ ఉండదు. ఎముకలకు మేలు చేస్తుందని గట్టిగా చెప్పలేం. అది ఒక్కటే ఇంత పని చెయ్యదు." కాగితం బల్ల మీద పెట్టింది. "మీ ఎముకలు ఇంత బాగుపడ్డాయి. మీ గర్భసంచి లోపలి పొర ఇంత మందంగా పెరిగింది. రెండూ ఒకదాని పనే. చేసింది మొక్క కాదనిపిస్తోంది. ఆ మాత్రలు కొన్ని నాకు తెచ్చివ్వండి. ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా నోట్లో వేసుకోవద్దు."

ఇద్దరి గర్భసంచిలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. మాత్రలను ఇంకో ల్యాబుకు పంపారు. టైలరమ్మ ఆ రెండు వారాలు మిషను ముట్టుకోలేదు. మాత్రలు మానేసిన ఆరో రోజుకే వేడి తిరిగొచ్చింది, ఇదివరకటికంటే ఎక్కువగా. సీసా అలమరలోనే ఉంది. చెయ్యి దానంతట అదే అటు వెళ్లేది. అన్నీ తెలిసి కూడా ఒకసారి మూత తీసింది. తర్వాత సీసా మొగుడి చేతికిచ్చి, "నాకు కనబడకుండా దాచు. అడిగినా ఇవ్వకు" అంది. ఆయన ఏ వేళాకోళమూ ఆడకుండా తీసుకున్నాడు.

టైలరమ్మ ముక్కలో ప్రమాదం లేదు. పొర మందం తగ్గడానికి మందులు చాలన్నారు. టీచరుకు క్యాన్సరు.

మాత్రల రిపోర్టు డాక్టరమ్మ చదివి చెప్పింది. సోయా జాడ నామమాత్రంగా ఉంది. మిగతాది ఫ్యాక్టరీలో తయారైన హార్మోను. ఒక మాత్రలో కొంచెం, ఇంకోదాంట్లో నాలుగింతలు. కొలతంటూ లేదు. "ఇది మేం కూడా ఇస్తాం," అంది. "కానీ గర్భసంచి ఉన్నవాళ్లకు దీన్ని ఒంటరిగా ఇవ్వం. లోపలి పొర అదుపు తప్పకుండా జతగా ఇంకో మందు ఇస్తాం, కనిపెట్టి చూస్తాం. మీరంతా ఏడాదిన్నరగా ఇది ఒక్కటే మింగారు. ఎంతమంది?"

టైలరమ్మ రిపోర్టు మడిచి పట్టుకుని లేచింది.

నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్లింది. వెనక గదిలో చెల్లెలు ముక్కుకు గుడ్డ కట్టుకుని పలక మీద పొడి పోసి, అట్టముక్కతో చదును చేస్తోంది. బల్ల కింద కొత్త డబ్బాలు మూడు.

"ఆపు," అంది టైలరమ్మ.

చెల్లెలు కాగితం తీసుకుని చదివింది. మందుల షాపు మనిషి కాబట్టి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. రెండోసారి చదివింది. గుడ్డ కిందికి లాగి, "వాడు నాకు సర్టిఫికెట్ పంపాడు అక్కా. ముద్ర ఉంది, సంతకం ఉంది," అంది. ఫోన్ తీసి సరఫరాదారుకు చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారి ఆ నంబరు పనిచెయ్యడం లేదని వచ్చింది.

"టీచరుకు క్యాన్సరు వచ్చింది," అంది టైలరమ్మ.

చెల్లెలు పలక అంచు పట్టుకుంది. పొడి కొంచెం జారి నేల మీద పడింది.

"నువ్వు ఇరవై రెండేళ్లు మందులమ్మిన దానివి," అంది టైలరమ్మ. "నేను కుట్టుపనిదాన్ని, నాకే అనుమానం వచ్చింది. నీకు రాలేదా? ఆ రోజు నేను పరిగెత్తుకొస్తే, ఏమీ కాదని అంత ధీమాగా ఎలా చెప్పావు?"

చెల్లెలు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచింది. తుడుస్తూనే ఉంది. ఆ చేతులు చూస్తుండగా టైలరమ్మకు మెల్లగా అర్థమైంది.

"నీకు కూడానా?"

"ఎనిమిది నెలల నుంచి," అంది చెల్లెలు.

"ఎనిమిది నెలలా! నాకంటే ముందు నుంచా?"

"నాకు తెలిసిందని నేను ఒప్పుకుంటే అందరికీ చెప్పాలి కదక్కా." ఆ గొంతులో ఏడుపు లేదు. అలిసిపోయి ఉంది. "రేపు ఆగిపోతుందేమో, ఎల్లుండి ఆగిపోతుందేమో అనుకున్నాను. నా ఒక్కదాని ఒంట్లోనే ఏదో తేడా అనుకున్నాను. బజారులో వాళ్లు చేతులు పట్టుకుని దణ్ణాలు పెడుతుంటే... అమ్మకు ఏమీ చెయ్యలేకపోయాను. వీళ్లకైనా చేశాననుకున్నాను."

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది టైలరమ్మకు. చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యి చెల్లెలి జబ్బ పట్టుకుంది.

"పద. ముందు నిన్ను చూపించాలి."

చెల్లెలికి క్యాన్సరు రాలేదు గానీ, దాని గుమ్మం దాకా వచ్చేసిందన్నారు. గర్భసంచి తీసేశారు. ఆమె ఆసుపత్రిలో ఉండగానే టైలరమ్మ మందుల తనిఖీ ఆఫీసుకు వెళ్లి రిపోర్టు ఇచ్చింది. ఎవరు తయారుచేశారని అడిగితే, "నా చెల్లెలు" అని చెప్పి సంతకం పెట్టింది. వాళ్లు వచ్చి డబ్బాలు, పలక, మిగిలిన మాత్రలు అన్నీ పట్టుకెళ్లి, వెనక గదికి సీలు వేశారు. కేసు నడుస్తుందన్నారు. సరఫరాదారు చిరునామాకు వెళ్లి చూస్తే అక్కడ సైకిళ్లు బాగుచేసే కొట్టు ఉందట.

తర్వాత టైలరమ్మ కొలతల పుస్తకం సంచీలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తలుపు తట్టి, లోపలికి వెళ్లి, ఆడవాళ్లను పక్కకు పిలిచి చెప్పింది. బేకరీ ఆవిడ అక్కడికక్కడే కుర్చీలో కూలబడింది. పోస్టాఫీసు ఆవిడ తిట్టింది. ఆ తిట్లన్నీ టైలరమ్మ నిలబడి వింది. కొందరు తలుపే తియ్యలేదు. అన్నిటికంటే భయపెట్టింది మాత్రం అద్దె ఇంటి యజమానురాలు. ఆమె అంతా ఓపిగ్గా విని, రవ్వంతైనా చలించకుండా, "నా దగ్గర ఇంకా రెండు డబ్బాలున్నాయి. అయిపోయాక చూద్దాంలే" అంది.

"రక్తం కనబడుతోందా మీకు?"

"అది నా సంగతి," అని నవ్వుతూ తలుపు వేసింది. మర్నాడు టైలరమ్మ డాక్టరమ్మను వెంటబెట్టుకుని వెళ్తే, యజమానురాలు ఊళ్లో లేదని లోపల్నించి ఆమె గొంతే చెప్పింది. నాలుగోసారి వెళ్లినప్పుడు గానీ ఒక డబ్బా చేతికి రాలేదు. రెండోది ఉందో లేదో తెలియదు.

చెల్లెలు లేచి తిరిగే నాటికి రెండు నెలలు పట్టింది. ఒకరోజు పొద్దున్నే అక్క షాపుకు వచ్చి నిలబడింది. సగమైపోయింది మనిషి.

"టీచరు దగ్గరికి తీసుకెళ్లు అక్కా. ఒక్కదాన్ని వెళ్లలేను."

టీచరుకు ఆపరేషను అయింది. జబ్బు అప్పటికే ఊపిరితిత్తుల దాకా పాకిందని తేలి, వేరే వైద్యం మొదలుపెట్టారు. జుట్టు రాలిపోయింది. ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం మీద, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"లోపలికి రా. తరగతి బయట నిలబడే అలవాటు ఎవరికుంటుందో నాకు తెలుసు," అంది టీచరు. గొంతు సన్నబడింది గానీ పదును పోలేదు.

చెల్లెలు వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. దార్లో కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయింది. "నాకు ముందే తెలిసింది టీచరుగారూ. మీకు చెప్పాల్సింది. చెప్పలేదు," అని మాత్రం అనగలిగింది.

టీచరు వీపు వెనక దిండు సర్దుకుంది. టైలరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"నాకూ తెలిసింది," అంది టీచరు. "ఐదు నెలలు నేను అలమర తలుపు మూసిపెట్టాను. నా తప్పు నా దగ్గరుంది. నీ తప్పును నేను మాఫీ చెయ్యను. ఏడవకు, నా దగ్గర అంత ఓపిక లేదు." కాసేపు దగ్గింది. "ఎంతమందికి ఇచ్చావు?"

"వీధిలో వాళ్లందరికీ అక్క చెప్పింది."

"అది కాదు నేనడిగింది. ఎంతమందికి?"

"లెక్క పెట్టలేదండీ."

"ఇప్పుడు పెట్టు." టీచరు దిండు కింద నుంచి నోటు పుస్తకం, పెన్సిలు తీసి టైలరమ్మకిచ్చింది. "నువ్వు రాయి. ఇది చెబుతుంది. పేర్లు తెలియకపోతే మొహాలు చెప్పనీ. ఏ బస్సు దిగి వచ్చేవారో, ఏం సంచీ పట్టుకొచ్చేవారో, ఏం మాట్లాడారో, అన్నీ. డాక్టరమ్మకు ఇద్దాం, ఆ ఆఫీసువాళ్లకు ఇద్దాం. పోస్టర్లు వేయిద్దాం. సగంమంది దొరికినా చాలు."

చెల్లెలు కళ్లు మూసుకుంది. మొదట ఏమీ రాలేదు. తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలైంది. చేపల దుకాణం ఎదురుగా చెప్పులు కుట్టే ఆవిడ. కవల పిల్లల అమ్మమ్మ. లైబ్రరీలో పనిచేస్తానన్న పొట్టావిడ, ఎప్పుడూ ముక్కు చీదుతూ ఉండేది. కుంటుతూ వచ్చే ఆవిడ, ఆమె వెనకాల మొహమాటపడుతూ వచ్చే వాళ్ల చెల్లెలు. టైలరమ్మ రాస్తూ పోయింది. ఒక పేజీ నిండింది. రెండోది నిండింది. మధ్యలో నర్సు వచ్చి సూది వేసి వెళ్లింది. టీచరు కళ్లు మూసుకునే, "ఆగకు, తర్వాత?" అంటోంది.

నలభై ఆరో మనిషి దగ్గర చెల్లెలు ఆగిపోయింది.

"ఏమైంది?" అంది టైలరమ్మ.

"ఎర్ర గొడుగు పట్టుకొచ్చిన ఆవిడ. ఒకే ఒక్కసారి వచ్చింది. ఇరవై డబ్బాలు తీసుకుంది."

"ఇరవై ఎందుకే ఒక్క మనిషికి?"

"తనకు కాదట. వాళ్లది చాలా దూరమట. అక్కడ ఆడవాళ్లందరికీ పంచుతానంది."

"ఏ ఊరు?"

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. అడగలేదు.

టీచరు కళ్లు తెరిచింది. టైలరమ్మ పెన్సిలు కాగితం మీద ఆనించి, ఏం రాయాలో తెలియక అలాగే పట్టుకుంది. కాసేపయ్యాక, "ఎర్ర గొడుగు, ఇరవై డబ్బాలు, ఊరు తెలియదు" అని రాసి, కింద ఇంకో మనిషి కోసం నలభై ఏడు అంకె వేసింది.

"తర్వాత?" అంది టీచరు.